క్యాన్సర్ చికిత్స నడుస్తుండగా మరో వైద్యం: ఏది కలపొచ్చు, ఎలా కలపాలి

కీమో జరుగుతుండగా ఇంకేదైనా మందు వాడొచ్చా అని అడిగితే అవుననో కాదనో ఒక్క ముక్కలో చెప్పలేం. వాడాలనుకుంటున్న పదార్థం ఏమిటి, మోతాదు ఎంత, పక్కన ఏ క్యాన్సర్ మందు నడుస్తోంది, ఆ మందు ఎక్కించి ఎన్ని రోజులైంది అనే నాలుగు సంగతులు తెలిస్తేనే జవాబు దొరుకుతుంది. ఆ నాలుగూ ఎలా రాబట్టుకోవాలో, డాక్టరు దగ్గర ఎలా మాట్లాడాలో, ఏ ఇబ్బందికి ఏది పనికొస్తుందో ఇక్కడ వరసగా చెబుతున్నాం.

ముందు ఒక గీత గీసుకోండి. ఆపరేషన్, కీమో, రేడియేషన్, హార్మోన్ మాత్రలు మానకుండా, వాటి వల్ల వచ్చే వికారం, నొప్పి, నీరసం తగ్గించుకోవడానికి పక్కన చేసేది అనుబంధ వైద్యం. వాటిని మానేసి, వాటి స్థానంలో పెట్టుకునేది ప్రత్యామ్నాయ వైద్యం. ఈ రెండో దానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో 2018లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం చూపించింది. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తులు, పెద్దపేగు క్యాన్సర్లు ఇంకా దూరం పాకని దశలో ఉండగా ప్రత్యామ్నాయ వైద్యం మీదే ఆధారపడిన 281 మందిని, మామూలు చికిత్స తీసుకున్నవాళ్లతో పోల్చారు. మొత్తం మీద మరణించే ప్రమాదం 2.5 రెట్లు ఎక్కువైంది. రొమ్ము క్యాన్సర్‌లోనైతే 5 రెట్లు దాటింది. అవన్నీ నయమయ్యే అవకాశం ఉన్న దశలో ఉన్న క్యాన్సర్లు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

అదే ఏడాది వచ్చిన మరో అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు పక్క వైద్యం కూడా చేయించుకున్నవాళ్లలో మరణ ప్రమాదం సుమారు 2 రెట్లు ఎక్కువ కనిపించింది. వాళ్లలో 34% మంది డాక్టర్లు చెప్పిన కీమోను వద్దనుకున్నారు. తక్కినవాళ్లలో అలా వద్దన్నది 3% మందే. చికిత్సలో ఏదో ఒక భాగాన్ని వదిలేయడాన్ని లెక్కలోకి తీసుకుని చూస్తే ఆ తేడా చాలావరకు పోయింది. అంటే పక్క వైద్యం మొదలుపెట్టాక అసలు వైద్యంలో ఒక్కో మెట్టూ జారిపోవడమే ఎక్కువ చేటు చేసింది. మీరు గీసుకున్న గీతకు అర్థం ఇదే: ఏది కలిపినా, షెడ్యూల్‌లో ఒక్క కీమో గానీ, ఒక్క రేడియేషన్ సిట్టింగ్ గానీ దాని కోసం వాయిదా పడకూడదు.

మొదట జాబితా రాయండి

ఒక కాగితం తీసుకుని, డాక్టరు రాసిన మందులు కాక ఒంట్లోకి వెళ్లేవీ, ఒంటి మీద రాసేవీ అన్నీ రాయండి. విటమిన్ మాత్రలు, ప్రొటీన్ పొడి, జుట్టు కోసం వేసుకునే మాత్ర, కషాయం, చూర్ణం, లేహ్యం, హోమియో చుక్కలు, మూలికల టీ, చేప నూనె క్యాప్సూల్, నిద్ర కోసం వాడేది, పూతలు, మర్దనా నూనెలు. ఎక్కువమంది వదిలేసేవి తిండి కింద జమ కట్టినవే: ‘ఇది మందు కాదు కదా, ఒట్టి ఆకే కదా’ అనుకున్నవి. అవీ రాయండి.

ఒక్కోదాని ఎదురుగా ఈ వివరాలు ఉండాలి: డబ్బా మీద ఉన్న పూర్తి పేరు, ఒక్క మోతాదులో ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఎప్పటి నుంచి, ఏ ఇబ్బంది కోసం. డబ్బాకు ముందు, వెనక ఫోటోలు తీసి ఫోన్‌లో ఉంచుకోండి. ‘పసుపు మాత్ర వాడుతున్నా’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. ‘కర్క్యుమిన్ 500 మి.గ్రా., మిరియాల సారం కలిపినది, రోజుకు 2, నెల నుంచి’ అంటే చాలా తెలుస్తుంది. మిరియాల్లోని పైపరిన్ కర్క్యుమిన్ రక్తంలోకి చేరే మోతాదును బాగా పెంచుతుంది కాబట్టి, ఆ ఒక్క వివరంతో సలహానే మారిపోవచ్చు.

పొట్లం కట్టి ఇచ్చిన పొడి అయితే, ఇచ్చినవాళ్లను అందులో ఏమేం ఉన్నాయని అడగండి. చెప్పడానికి ఇష్టపడకపోతే దాన్ని మింగొద్దు. ఇక్కడ మొహమాటపడకండి. కొన్ని సంప్రదాయ మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అరిస్టలోకియా జాతి మొక్కలు కలిసిన మందులు మూత్రపిండాలను దెబ్బతీయడమే కాక మూత్రనాళాల్లో కొత్త క్యాన్సర్‌నూ తెచ్చిపెట్టాయి. లేబుల్ ఉన్నంత మాత్రాన భరోసా లేదు. పీసీ-స్పెస్ అనే 8 మూలికల మిశ్రమాన్ని ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులు విరివిగా వాడేవారు. పరీక్షిస్తే అందులో రక్తాన్ని పలచబరిచే వార్ఫరిన్, కృత్రిమ ఈస్ట్రోజెన్, ఒక నొప్పి మందు బయటపడ్డాయి. 2002లో దాన్ని అమ్మకం నుంచి తీసేశారు. అది వాడినవాళ్లలో పీఎస్ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ తీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే ప్రొటీన్) తగ్గింది నిజమే, కానీ ఈస్ట్రోజెన్ మందు చేసే పని కూడా అదే.

జాబితాను రెండు కుప్పలు చేయండి

ఒంట్లోకి వెళ్లేవి ఒక వైపు, వెళ్లనివి ఒక వైపు. నడక, యోగా, శ్వాస అభ్యాసం, ధ్యానం, సంగీతం, ఆక్యుప్రెషర్, మర్దన రెండో కుప్పలోకి వస్తాయి. వీటికి క్యాన్సర్ మందులతో రసాయన గొడవ లేదు. కొన్ని జాగ్రత్తలు పాటిస్తే డాక్టరు చాలా తేలిగ్గా ఒప్పుకుంటారు. గట్టి రుజువులున్నవి కూడా ఎక్కువగా ఈ కుప్పలోనే ఉన్నాయి. మొదటి కుప్పలోని ప్రతిదాన్నీ మందుగానే చూడాలి, అది ఆకైనా, వేరైనా, విటమిన్ అయినా.

మొక్కల్లో క్యాన్సర్‌ను ఎదుర్కొనే శక్తి ఉన్న పదార్థాలు ఉన్నాయన్నది నిజం. కీమోలో వాడే విన్‌క్రిస్టిన్ బిళ్లగన్నేరు నుంచి వచ్చింది, పాక్లిటాక్సెల్ యూ అనే చెట్టు బెరడు నుంచి వచ్చింది. అలాగని బిళ్లగన్నేరు ఆకు నమిలితే విన్‌క్రిస్టిన్ వైద్యం అయిపోదు. పెద్దవాళ్లకు ఆ మందును ఒంటి వైశాల్యం లెక్కగట్టి చదరపు మీటరుకు 1.4 మి.గ్రా. చొప్పున, మామూలుగా 2 మి.గ్రా. దాటకుండా ఇస్తారు. మోతాదు మించితే నరాలు చచ్చుబడతాయి. ఆకులో ఎంత ఉందో కొలిచే దారి మీకు గానీ, ఇచ్చినవాళ్లకు గానీ లేదు.

ఒంట్లోకి వెళ్లేవి ఎక్కడ బెడిసికొడతాయి

కాలేయంలో, పేగు గోడలో మందులను విరగ్గొట్టే ఎంజైములు ఉంటాయి. వాటిలో సీవైపీ3ఏ4 అనేది ఎన్నో క్యాన్సర్ మందుల లెక్క చూస్తుంది. ఒక మూలిక ఆ ఎంజైమును ఎగదోస్తే, క్యాన్సర్ మందు పని చేయకముందే ఒంట్లోంచి వెళ్లిపోతుంది. అణిస్తే, మందు పేరుకుపోయి విషమవుతుంది. దిగులు తగ్గడానికి వాడే సెయింట్ జాన్స్ వర్ట్ మొదటి రకం: ఇరినోటెకాన్ అనే కీమో మందులో అసలు పని చేసే భాగాన్ని రక్తంలో 42% తగ్గించినట్టు 2002లో తేల్చారు. ఇమాటినిబ్ అనే క్యాన్సర్ మాత్రనూ అలాగే నీరుగారుస్తుంది. ఆపేశాక కూడా దీని ప్రభావం 2 వారాల దాకా ఉంటుంది. గ్రేప్‌ఫ్రూట్ రెండో రకం. నీలోటినిబ్, లపాటినిబ్ లాంటి క్యాన్సర్ మాత్రల మోతాదును రక్తంలో పెంచేస్తుంది. మాత్ర ఉదయం, పండు సాయంత్రం అని వేళలు మార్చినా లాభం లేదు, ఎందుకంటే పేగులోని ఎంజైము కోలుకోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ద్రాక్షకూ దీనికీ సంబంధం లేదు. ఇది నిమ్మజాతి పండు.

ఎంజైముల గొడవ కాక మరో గొడవ విటమిన్లతో వస్తుంది. రేడియేషన్, కొన్ని కీమో మందులు కణంలో ఆక్సీకరణ నష్టం కలిగించి క్యాన్సర్‌ను చంపుతాయి. అదే సమయంలో విటమిన్ ఎ, సి, ఇ వంటి యాంటీ ఆక్సిడెంట్లను పెద్ద మోతాదులో మింగితే, మంచి కణాలతో పాటు క్యాన్సర్ కణాలకూ గొడుగు పట్టినట్టే. రొమ్ము క్యాన్సర్ రోగుల మీద 2020లో అచ్చయిన పరిశీలనలో, కీమోకు ముందూ కీమో జరుగుతుండగా కూడా యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఎక్కువ కనిపించింది. క్యాన్సర్ రాకుండా ఉండటానికని వేసుకున్నా మేలు జరగలేదు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగిన ప్రయోగంలో బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18% ఎక్కువైంది. మరో పెద్ద ప్రయోగంలో రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న మగవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17% పెరిగింది. భోజనంలో వచ్చే విటమిన్ల గురించి కాదు ఇదంతా. కూరలు, పండ్లు మానొద్దు. అనుమానించాల్సింది మాత్రలను.

ఒకే విటమిన్ ఒకరికి తప్పనిసరి, మరొకరికి ప్రమాదం కావచ్చు. ఫోలిక్ యాసిడ్‌నే చూడండి. పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు తీసుకునేవాళ్లకు డాక్టరే మొదటి కీమోకు వారం ముందు నుంచి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, చివరి కీమో తరవాత 21 రోజుల దాకా వాడిస్తారు, బి12 ఇంజెక్షన్ కూడా ఇస్తారు. కాపెసిటబిన్ అనే కీమో మాత్రలు వేసుకునేవాళ్లలో మాత్రం అదే ఫోలిక్ యాసిడ్ విరేచనాలు, నోటిపూత, అరచేతుల మంట పెంచుతుంది. మల్టీవిటమిన్ మాత్రల్లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది కాబట్టి కాపెసిటబిన్ నడుస్తుంటే అడగకుండా వేసుకోవద్దు. పక్క మంచం రోగికి డాక్టరు రాసిచ్చిన విటమిన్ మీరూ తెచ్చుకోవడం ఎందుకు కూడదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మరికొన్ని జంటలు విడిగా గుర్తుంచుకోండి. బోర్టెజోమిబ్ అనే క్యాన్సర్ మందు తీసుకునేవాళ్లు గ్రీన్ టీ సారం క్యాప్సూళ్లు వాడకూడదు. అందులోని ఈజీసీజీ అనే పదార్థం ఆ మందును పట్టేసి పని చేయనివ్వదని ప్రయోగశాలలోనూ ఎలుకల్లోనూ కనిపించింది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వేసుకునేవాళ్లలో కర్క్యుమిన్ క్యాప్సూళ్లు ఆ మందు చురుకైన రూపాన్ని రక్తంలో తగ్గించినట్టు ఒక చిన్న పరిశోధన తేల్చింది. కూరలో వేసే పసుపు పరిమాణం వేరు, దాన్ని చూసి భయపడక్కర్లేదు. గ్రీన్ టీ సారం, కర్క్యుమిన్, అశ్వగంధ క్యాప్సూళ్ల వల్ల కొందరికి కాలేయం దెబ్బతింది. కీమో మధ్యలో కాలేయ పరీక్ష చెడితే తరవాతి కీమో ఆగిపోతుంది. తప్పు కీమో మందుదో క్యాప్సూల్‌దో తేల్చడం డాక్టరుకు కష్టమవుతుంది.

జుట్టు తిరిగి రావాలని వేసుకునే బయోటిన్ మాత్రల వల్ల మరో చిక్కు ఉంది. రోజుకు 30 మైక్రోగ్రాములు సరిపోయే ఈ విటమిన్ ఆ మాత్రల్లో 5,000 నుంచి 10,000 మైక్రోగ్రాములు ఉంటుంది. ఒంటికి పెద్దగా హాని లేకపోయినా, కొన్ని రక్త పరీక్షల యంత్రాల్లో వాడే పద్ధతిని ఇది తికమక పెడుతుంది. థైరాయిడ్, హార్మోన్, గుండెకు సంబంధించిన ట్రోపోనిన్ ఫలితాలు తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చే ముందు ల్యాబ్‌లో చెప్పండి. కనీసం 2, 3 రోజుల ముందు ఆపడం మంచిది.

నరంలోకి ఎక్కించే భారీ మోతాదు విటమిన్ సి గురించి ఎవరైనా చెబితే మూడు ప్రశ్నలు అడగండి: జీ6పీడీ పరీక్ష చేశారా, మూత్రపిండాల పనితీరు చూశారా, నాకు షుగర్ ఉందని తెలుసా? జీ6పీడీ అనేది ఎర్రకణాలను కాపాడే ఎంజైము, అది లోపించినవాళ్లకు ఆ మోతాదులో ఎర్రకణాలు పగిలిపోతాయి. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఆక్సలేట్ పేరుకుంటుంది. కొన్ని గ్లూకోమీటర్లు విటమిన్ సిని చక్కెరగా చదివి ఎక్కువ చూపిస్తాయి, దాన్ని నమ్మి ఇన్సులిన్ వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

కొన్నింటికి మాత్రం ప్రశ్నలతో పని లేదు, దూరంగా ఉండాల్సిందే. ఆప్రికాట్ గింజల నుంచి తీసే లేట్రైల్, దాన్నే ‘విటమిన్ బి17’ అని అమ్మేది, ఒంట్లో సయనైడ్‌ను విడుదల చేస్తుంది. 1982లో 178 మంది మీద పరీక్షిస్తే ఎవరికీ నయం కాలేదు, కొందరి రక్తంలో సయనైడ్ ప్రాణాంతక స్థాయి దగ్గరికి వచ్చింది. చర్మ క్యాన్సర్‌కు రాసే నల్ల పూతలు పైచర్మాన్ని కాల్చేస్తాయి. పుండు మానినట్టు కనిపిస్తుంది, కింద గడ్డ పెరుగుతూనే ఉంటుంది. కాఫీ ఎనిమాలతో లవణాల సమతుల్యం తప్పుతుంది, పేగు కాలుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది.

తేదీలు వేసుకోండి

అదే వస్తువు ఒక వారం ఫరవాలేదు, మరో వారం ప్రమాదం. క్యాలెండర్ మీద మూడు రకాల రోజులు గుర్తుపెట్టండి.

ఆపరేషన్ తేదీ తెలియగానే 2 వారాలు వెనక్కి లెక్కపెట్టి ఒక గీత గీయండి. వెల్లుల్లి క్యాప్సూళ్లు, గింకో, జిన్సెంగ్, చేప నూనె, విటమిన్ ఇ, అల్లం సారం వంటివి ఆ రోజుకల్లా ఆగాలి. ఇవి రక్తం గడ్డకట్టడాన్ని మందగించేలా చేయవచ్చు, కొన్ని మత్తుమందుతోనూ కలబడతాయి. కానీ డాక్టరు రాసిన మందులను ఈ లెక్కన మీరే ఆపకూడదు.

చాలా కీమోల తరవాత 7 నుంచి 14 రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ప్రోబయాటిక్ క్యాప్సూళ్లు, ఉడికించని మూలికల పొడులు, పసరులు వద్దు. పొడుల్లో బూజు, బ్యాక్టీరియా ఉండొచ్చు. ఆరోగ్యవంతుడికి ఏమీ కానిది అప్పుడు రక్తంలోకి పాకుతుంది. జ్వరం తగ్గించే గుణమున్న కషాయాలూ వద్దు. కీమో రోజుల్లో 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిన సంగతి. కషాయం ఆ జ్వరాన్ని కప్పేస్తే గంటలు చేజారతాయి.

మూడోది రేడియేషన్ నడిచే వారాలు. కిరణాలు తగిలే చర్మం మీద సొంతంగా ఏ లేపనం, సుగంధ తైలం, మూలికల ముద్ద రాయొద్దు. ఏది రాయాలో, ఏ వేళ రాయాలో రేడియేషన్ సిబ్బందే చెబుతారు. గుర్తులు చెరిగేలా రుద్దకండి.

డాక్టరు దగ్గర ఎలా అడగాలి

తిడతారేమో అని దాచిపెట్టడం వల్లే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. ‘ఇది వాడనా?’ అంటే తొందరలో ఉన్న డాక్టరు ‘వద్దు’ అనేసి ముందుకెళతారు. ఇలా అడిగి చూడండి: ‘నాకు నిద్ర పట్టడం లేదు, దానికోసం ఇది వాడదామనుకుంటున్నాను. నా కీమో మందుతో దీనికి గొడవ ఉందా? కాలేయం మీద భారం పడుతుందా? రక్తస్రావం పెరుగుతుందా? ఇది కాకపోతే నిద్రకు ఇంకేం చేయొచ్చు?’ చివరి ప్రశ్న మరిచిపోకండి. చాలాసార్లు అసలు ఇబ్బందికి మంచి మందే ఉంటుంది, మీరు చెప్పకపోవడం వల్ల రాయలేదు.

డాక్టరుకు సమయం లేకపోతే ఆసుపత్రి ఫార్మసిస్టుకు జాబితా చూపించండి. మందుల మధ్య గొడవలు వెతకడం వాళ్ల పనే. మెమోరియల్ స్లోన్ కెట్టెరింగ్ క్యాన్సర్ సెంటర్ ‘అబౌట్ హెర్బ్స్’ పేరుతో ఒక్కో మూలికకు, విటమిన్‌కు ఒక్కో పేజీ ఉచితంగా పెట్టింది. అందులో ఆ పేరు వెతికి, క్యాన్సర్ మందులతో పొసగుతుందో లేదో చెప్పే భాగం చదివి వెళితే మాటలు సూటిగా సాగుతాయి.

ఇబ్బందిని బట్టి ఏం చేయాలి

వికారం. డాక్టరు రాసిన వాంతుల మందు మొదట, మిగతావన్నీ దానికి తోడు. 576 మంది మీద జరిగిన ఒక ప్రయోగంలో వాంతుల మందుతో పాటు రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము అల్లం, కీమోకు 3 రోజుల ముందు మొదలుపెట్టి 6 రోజులు ఇస్తే మొదటి రోజు వికారం తగ్గింది. ఎక్కువ వేసుకుంటే ఎక్కువ పని చేస్తుందనుకోవద్దు. ఆ ప్రయోగంలో ఒకటిన్నర గ్రాముల కంటే తక్కువ మోతాదులే మెరుగ్గా పని చేశాయి. ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు అల్లం క్యాప్సూళ్లు మానాలి.

మణికట్టు మీద నొక్కే పద్ధతి ఎవరైనా చేసుకోవచ్చు. అరచేయి మీవైపు తిప్పుకోండి. రెండో చేతి మూడు వేళ్లను (చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు) ఉంగరపు వేలు మణికట్టు ముడతను తాకేలా, ముడతకు మోచేయి వైపున అడ్డంగా ఆనించండి. చూపుడు వేలి కింద, రెండు గట్టి స్నాయువుల మధ్య మెత్తగా తగిలే చోటు అది. అక్కడ బొటనవేలితో, నొప్పి పుట్టనంత గట్టిగా, గుండ్రంగా తిప్పుతూ 2, 3 నిమిషాలు నొక్కండి. తరవాత రెండో చేతికి. వికారం మొదలయ్యాక కాక, కీమోకు బయలుదేరేటప్పుడే మొదలుపెట్టి రోజుకు చాలాసార్లు చేయొచ్చు. చంకలో గ్రంథులు తీసిన వైపు చేయి వాచి ఉంటే ఆ చేతిని వదిలేయండి.

హార్మోన్ మాత్రలతో వచ్చే కీళ్ల నొప్పులు. రొమ్ము క్యాన్సర్‌కు అరోమటేజ్ ఇన్హిబిటర్లు వాడే చాలామంది ఈ నొప్పులకు తాళలేక మాత్రలే మానేస్తారు. అదే అసలు భయం. 226 మంది స్త్రీల మీద జరిగి 2018లో వెలువడిన ప్రయోగంలో 6 వారాల్లో 12 సార్లు, ఆపైన 6 వారాలు వారానికొకసారి ఆక్యుపంక్చర్ చేస్తే నొప్పి తగ్గింది. 2022లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం వెలువరించిన మార్గదర్శకాల్లోనూ ఈ నొప్పికి దీన్ని సూచించారు. సూదులు ఒకసారి వాడి పారేసేవై ఉండాలి. న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు) 500 కంటే తక్కువ ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినా సూదులు వద్దు. తాజా రక్త పరీక్ష కాగితం అడగకుండానే సూది గుచ్చబోయేవారి దగ్గరి నుంచి లేచి వచ్చేయండి.

నీరసం. మంచం పట్టి పడుకుంటే నీరసం తగ్గకపోగా పెరుగుతుంది. పద్ధతిగా నడవడం కంటే దీనికి మంచి రుజువున్న మందు లేదు. గమ్యం: వారానికి 3 సార్లు, 30 నిమిషాల చొప్పున, మాట్లాడగలిగీ పాడలేనంత వేగంతో నడక, వారానికి 2 సార్లు తేలికపాటి బరువులతో కండరాల వ్యాయామం, ఒక్కోటి 8 నుంచి 15 సార్లు, రెండు విడతలు. మొదటి వారమే అక్కడికి చేరక్కర్లేదు. 5 నిమిషాలతో మొదలుపెట్టి, ప్రతి 3, 4 రోజులకు 2 నిమిషాలు పెంచండి. కీమో అయిన 2, 3 రోజులు సగానికి తగ్గించండి, పూర్తిగా మాత్రం మానొద్దు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మంది మీద 2025లో వెలువడిన ప్రయోగంలో, మూడేళ్లు పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లలో 8 ఏళ్లకు 90% మంది బతికున్నారు, పుస్తకం మాత్రమే ఇచ్చినవాళ్లలో 83%. ఏ మూలిక క్యాప్సూల్‌కూ ఇలాంటి ఫలితం లేదు. ఎముకలకు పాకిన క్యాన్సర్ ఉంటే ముందుకు వంగడం, నడుము మెలిపెట్టడం, గెంతడం వద్దు, ఫిజియోథెరపిస్ట్‌ను అడిగి మొదలుపెట్టండి. జ్వరం, ఛాతీ నొప్పి, కొత్తగా ఆయాసం, ఒక కాలు మాత్రమే వాయడం ఉంటే ఆ రోజు నడవకుండా డాక్టరుకు చెప్పండి.

నిద్ర, ఆందోళన. చికిత్స ముగించుకున్న 410 మందికి 4 వారాలు, వారానికి రెండుసార్లు 75 నిమిషాల మెల్లని యోగా నేర్పిస్తే నిద్ర మెరుగుపడింది, నిద్రమాత్రల వాడకమూ తగ్గింది. స్కాన్‌కు ముందు రాత్రి కోసం ఒక చిన్న అభ్యాసం: వెల్లకిలా పడుకుని పాదాలను 5 సెకన్లు బిగించి, 20 సెకన్లు వదిలేయండి. తరవాత పిక్కలు, తొడలు, పొట్ట, చేతులు, భుజాలు, ముఖం. కుట్లు ఉన్నచోటా, నొప్పి ఉన్నచోటా బిగించకుండా దాటేయండి. 15 నిమిషాలు చాలు. ఆ రాత్రే మొదటిసారి చేస్తే పెద్దగా ఫలితం ఉండదు, వారం ముందు నుంచి రోజూ చేయాలి.

మర్దన ఆందోళననూ నొప్పినీ కాసేపు తగ్గిస్తుంది. గడ్డ మీద, రేడియేషన్ తగిలిన చర్మం మీద, పోర్టు (కీమో ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పరికరం) దగ్గర, జబ్బు పాకిన ఎముకల మీద, రక్తం గడ్డకట్టిన కాలి మీద చేయకూడదు. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గితే గట్టి ఒత్తిడి మానేసి, చేత్తో మెత్తగా రాయడం వరకే.

తిమ్మిర్లు. కీమో వల్ల వేళ్లలో వచ్చే తిమ్మిర్లకు నరాల బలం మాత్రలని చాలా అమ్ముతారు. వాటిలో ఒకటైన ఎసిటైల్-ఎల్-కార్నిటిన్‌ను టాక్సేన్ (పాక్లిటాక్సెల్ లాంటి మందులు) కీమో తీసుకునే 409 మంది స్త్రీలలో, తిమ్మిర్లు రాకుండా ఆపుతుందేమోనని రోజుకు 3 గ్రాముల చొప్పున ఇచ్చి చూస్తే తిమ్మిర్లు ఇంకా ఎక్కువయ్యాయి. తిమ్మిర్లు మొదలైన వెంటనే డాక్టరుకు చెప్పడమే సరైన పని, కీమో మోతాదు మార్చే వీలుంటుంది.

పథ్యం. చక్కెర మానేస్తే క్యాన్సర్ ఆకలితో చస్తుందని వింటారు. మీరు తినకపోతే కాలేయం మీ కండరాల నుంచే గ్లూకోజు తయారుచేస్తుంది. గడ్డకు అందాల్సింది అందుతుంది, చిక్కిపోయేది మీరే. క్షార ఆహారం సంగతీ అంతే. రక్తం పీహెచ్‌ను ఒళ్లు 7.35కూ 7.45కూ మధ్యే పట్టి ఉంచుతుంది, తిండితో మారేది మూత్రం మాత్రమే. వారానికోసారి బరువు చూసుకోండి. ప్రయత్నించకుండానే 6 నెలల్లో 5% మించి తగ్గితే, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు దాటి తగ్గితే, ఏ పథ్యమైనా ఆపేసి డైటీషియన్‌ను కలవండి.

ఒకటి తరవాత ఒకటి

డాక్టరు సరే అన్నాక కూడా రెండు కొత్తవి ఒకేసారి మొదలుపెట్టొద్దు. దద్దురు వచ్చినా, విరేచనాలు పట్టుకున్నా దేనివల్లో తెలియదు. ఒక్కటి మొదలుపెట్టి, ఆ ఇబ్బందికి రోజూ రాత్రి 0 నుంచి 10 వరకు మార్కు వేయండి. మొదలుపెట్టక ముందు వారం మార్కులు కూడా ఉండాలి, లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. కీమో ప్రభావం రోజురోజుకూ మారుతుంది కాబట్టి, ఈ సైకిల్ (ఒక కీమో నుంచి తరవాతి కీమో దాకా ఉండే కాలం) 5వ రోజును పోయిన సైకిల్ 5వ రోజుతో పోల్చండి, నిన్నటితో కాదు. రెండు సైకిళ్లలో 2 మార్కులైనా తగ్గకపోతే మానేయండి. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, ఊపిరాడకపోవడం, ఇందులో ఏది కనిపించినా మార్కుల కోసం ఆగకండి. అది ఆపి, అదే రోజు ఆసుపత్రికి ఫోన్ చేయండి.

చేసేవాళ్లను ఎంచుకునేటప్పుడు

‘మీరు క్యాన్సర్ రోగులకు ఇంతకుముందు చేశారా? నా డాక్టరుతో మాట్లాడతారా? మీ దగ్గర చేయించుకోకూడని వాళ్లెవరు?’ అని అడగండి. మూడో ప్రశ్నకు ‘అందరికీ పనికొస్తుంది’ అనే జవాబు వస్తే అక్కడితో ఆపేయొచ్చు. అన్ని క్యాన్సర్లకూ ఒకే మందు, కీమో మానేస్తేనే పని చేస్తుందనే షరతు, డబ్బంతా ముందే కట్టమనడం, డాక్టరుకు చెప్పొద్దనడం, ఇందులో ఒక్కటి వినిపించినా బయటికి వచ్చేయండి. నయమైనవాళ్ల వీడియో చూపిస్తే, వాళ్లు ఆపరేషన్ చేయించుకున్నారా అని అడగండి. ఆపరేషన్‌తో గడ్డ తీసేశాక తీసుకోని కీమో స్థానంలో కషాయం తాగి, ఆ ఘనత కషాయానికి ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇప్పటికే చికిత్స మానేసి ఉంటే

మానేసి వారమైనా, ఆరు నెలలైనా వెనక్కి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆసుపత్రికి ఫోన్ చేసి, ‘మధ్యలో ఆపాను, మళ్లీ మొదలుపెట్టాలి’ అని అపాయింట్‌మెంట్ తీసుకోండి. పాత ఫైలు, చివరి స్కాన్, ఇంతకాలం వాడిన డబ్బాలు, మిగిలిన పొడితో సహా తీసుకెళ్లండి. వాటిలో లోహాలు ఉన్నాయేమో అన్న అనుమానం ఉంటే రక్తంలో సీసం, పాదరసం పరీక్ష చేయించమని మీరే అడగండి. కాలేయం, మూత్రపిండాల పరీక్షలు, కొత్త స్కాన్ అయ్యాక గానీ మందు మొదలుపెట్టరు, అందుకు కొన్ని రోజులు పడుతుంది. ఇంట్లోవాళ్లు ఎవరైనా ఇలా మానేసి ఉంటే వాదనకు దిగకండి. ‘కషాయం సంగతి తరవాత చూద్దాం, ఒక్క స్కాన్ చేయించుకుందాం, గడ్డ తగ్గిందో పెరిగిందో కళ్లారా చూద్దాం’ అంటే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. ఆ స్కాన్ తేదీ మాత్రం ఆ రోజే ఖాయం చేయించండి.